కప్పు పనీరంటే ఎంత?

మా కోడుమూరు వైపు పాతకాలం వాళ్లకు 'సేరు' అంటే రెండర్థాలు. జొన్నలు, కొర్రలు కొలిచే పాత్రా సేరే, త్రాసులో వేసే రాయీ సేరే. పాత్ర సేరు వేరు, రాయి సేరు వేరు అని మా అవ్వలకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. తూకం సేరుకు 80 తులాలు, ఇప్పటి లెక్కలో 933 గ్రాములు. 1960ల్లో కిలోలు, లీటర్లు వచ్చాక ఆ సేర్లు అటకెక్కాయి. ఆ గందరగోళం మాత్రం పనీరుతో మళ్లీ వంటింట్లోకి వచ్చింది.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి చీజ్ కేక్ చేసే విధానం చెబుతూ, "ఎనిమిది ఔన్సుల క్రీమ్ చీజ్ అమ్మా, అంటే ఒక కప్పు" అంది. ఏ కప్పు? రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, వాళ్ల కప్పు దాదాపు 240. ఎనిమిది ఔన్సులంటే 227 గ్రాములు. క్రీమ్ చీజ్‌లో సందులుండవు కాబట్టి వాళ్ల కప్పుకు ఇంచుమించు అంతే తూగుతుంది. గుడ్డలో వేలాడగట్టిన గట్టి పెరుగు వాడినా అదే లెక్క. పనీరు పొడిపొడిగా తురిమి అదే కప్పులో వేస్తే మాత్రం సగం గాలే! 120 గ్రాములు ఉంటే గొప్ప. వేళ్లతో అదిమితే ఇంకా బోలెడు పడుతుంది. "ఒక కప్పు పనీరు" అని రాసి, అదమాలో వద్దో చెప్పని వాళ్లంటే నాకు చిరాకు. (ఈ పేజీల్లో వంటలు రాసేవాళ్లు ఏమీ అనుకోవద్దు!)

వంటలో తేడా వస్తే ఒక పూటతో పోతుంది. మా వీధిలో ఒకామెకు అలా కాదు. రెండు ఎనుములు పెట్టుకుని, పాలు విరగ్గొట్టి, పనీరు చేసి కర్నూలులో ఒక హోటలుకు పంపుతుంది. వాళ్లిచ్చిన ప్లాస్టిక్ డబ్బాయే కొలత, డబ్బా నిండితే అరకిలో. మొదట్లో పొడిగానే నింపేది. తర్వాత నీళ్లు బాగా పిండి, అచ్చు కట్టి, సందు లేకుండా నింపమన్నారు. డబ్బులు మాత్రం అవే.

"పాలు ఎక్కువ పడతాండాయి అక్కా, తవుడు బాకీ కూడా తీరడం లేదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ డబ్బాను కిరాణా కొట్టుకు తీసుకుపోయి, ఖాళీగా ఒకసారి, అంచుదాకా నీళ్లు పోసి ఒకసారి తూయించాం. నీళ్లే 700 గ్రాములు! అదిమిన పనీరు నీళ్లకంటే కాస్త బరువే గానీ తేలిక కాదు. అంటే అరకిలో డబ్బులకు 700 గ్రాములకు పైగా ఇస్తోందన్నమాట. ఐదు లీటర్ల ఎనుము పాలకు సుమారు కిలో పనీరు దిగుతుంది కదా, ఆ అదనపు 200 గ్రాములంటే ఒక లీటరు పాలు. రోజుకు రెండు డబ్బాలు. రోజూ రెండు లీటర్ల పాలు ఊరికే పోతున్నాయి.

"అడిగితే అసలుకే మానేస్తారేమో" అని వాళ్లాయన భయపడ్డాడు. ఆమే ధైర్యం చేసి ఫోనులో అడిగింది. హోటలాయన కాసేపు గొణిగి, తూకానికి ఒప్పుకుని, కిలోకు పది రూపాయలు తగ్గించాడు. తగ్గించినా మునుపటికంటే ఆమెకు మిగులే. మొదటి నెల డబ్బులతో చిన్న త్రాసు కొనుక్కుంది.

త్రాసు లేని వాళ్లు కనీసం తమ కప్పు ఎంతదో తెలుసుకోవచ్చు. అరలీటరు మంచినీళ్ల సీసాలో నీళ్లు దాంతో కొలవండి. సరిగ్గా రెండు కప్పులు వస్తే అది 250 మిల్లీలీటర్లది, రెండున్నర వస్తే 200. మా ఇంట్లో టీ కప్పుకు మూడున్నర వచ్చాయి, ఇక దాంతో కేకులేం చేస్తాం!