బాలుని పఠనానికి యథాశక్తి సంకల్పం

పూజారంభంలో సంకల్పం చెప్పుకుంటాము. అందులో దేశకాలాలను స్మరించి, చేయబోయే కర్మను పేర్కొని, 'యథాశక్తి' అనే మాట చేరుస్తాము. పరమేశ్వరుని ఎదుట మన శక్తికి మితి ఉన్నదని అంగీకరించే మనము, పసివాని చదువు విషయంలో ఆ మాటను మరచిపోతున్నాము.

మా ఆలయంలో సాయంకాలం స్తోత్రపాఠానికి వచ్చే పిల్లలలో మూడవ తరగతి బాలుడొకడు ఉన్నాడు. విన్న శ్లోకాన్ని నాలుగైదు ఆవృత్తులలో కంఠస్థం చేస్తాడు. పుస్తకం ముందుంచితే మాత్రం సంయుక్తాక్షరం వద్ద ఆగి, ఆపైన ఊహించి పలుకుతాడు. "సంవత్సరాంతానికి అందరిలా గడగడా చదవాలి, అయ్యగారూ" అని తండ్రి కోరిక. బాలుడప్పటికే పుస్తకం చూస్తేనే స్తంభం చాటుకు పోతున్నాడు.

పాణినీయశిక్ష పాఠకులకు ఆరు గుణాలు, ఆరు దోషాలు చెప్పింది. త్వరత్వరగా చదవడం దోషం. అక్షరస్పష్టత, పదవిభాగం, ధైర్యం గుణాలు. వ్రాతను చూసి చదవడం కూడా అక్కడ దోషమే, వేదాధ్యయనం శ్రవణప్రధానం గనుక. బడిచదువులో కన్ను ప్రధానం. అందువల్ల ఈ బాలునికి వచ్చిన శ్లోకం ఇవ్వలేదు. ఇస్తే కంటికి బదులు చెవి పలుకుతుంది. అతడు ఎన్నడూ వినని అనుష్టుప్ శ్లోకం తీసుకున్నాము.

అనుష్టుప్పులో పాదానికి 8 చొప్పున 32 అక్షరాలు. మొదటిరోజు బాలుడు 11 చోట్ల ఆగాడు లేదా తప్పాడు. వారాంతానికి లక్ష్యం 8 అని నిర్ణయించాము, సున్న కాదు. రోజూ నేను వ్రేలితో చూపుతూ మెల్లగా ఒకసారి చదువుతాను, ఇద్దరమూ కలిసి ఒకసారి, తానొక్కడే మూడుసార్లు. తప్పిన అక్షరాన్ని విడదీసి పలకపై వ్రాయిస్తాను; 'స్త్ర' వస్తే సకార, తకార, రేఫలు. పది నిమిషాలకు మించనివ్వను. ఆ వారం తప్పులు 7 అయినవి. మరుసటి వారం 5 అనుకుంటే 6 వద్ద నిలిచినవి. శ్లోకం మార్చక మరొక వారం అక్కడే ఉన్నాము. తప్పులు రెండుకు దిగేవరకు వేగం ప్రస్తావన లేదు. అసలు పరీక్ష కొత్త శ్లోకపు తొలి పఠనం. మూడు నెలలకు అందులో 6 చోట్ల ఆగాడు.

"అయితే వీడు వెనుకబడినట్టేనా?" అని తండ్రి కంట నీరు పెట్టుకున్నారు. "పక్కపిల్లవానితో పోలిస్తే అవును, నాయనా, నిరుటి వీనితో పోలిస్తే కాదు. సంవత్సరాంతానికి అందరిలా చదువుతాడని నేను మాట ఇవ్వలేను. నెలనెలా తప్పులు తగ్గుతున్నాయా అన్నది మాత్రం ఇద్దరమూ చూద్దాము" అన్నాను. ఒకసారి కంటివైద్యునికి చూపించమనీ, అభ్యాసం సాగినా అక్షరాలు తారుమారవుతుంటే చదువు ఇబ్బందులు తెలిసిన నిపుణులను కలవమనీ చెప్పాను. సాధనతో తీరనిదానికి బాలుని సోమరి అనడం అధర్మం.

ఇప్పుడు తప్పుల సంఖ్యను బాలుడే తన నోటుపుస్తకంలో వ్రాసుకుంటున్నాడు. నిన్న 5 వేసి, "రేపు 4 చాలునా?" అని అడిగాడు. చాలునన్నాను.