ఎర్ర లైటు వేసుకుని నడిచిన రాత్రి

ఈసారి కొంచెం పెద్దగా రాస్తున్నాం, ఓపిక చేసుకుని చదవండి. మా చదువంతా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరాక నేర్చుకున్నవి. తప్పులుంటే దిద్దుకోండి.

మన గ్రూపులో ఒకరి కోడలు బార్బడోస్ ఫొటోలు పెట్టింది కదా. తెల్ల ఇసుక, మనిషి జాడ లేని ఒడ్డు. చూసిన ప్రతివారూ "అలాంటి బీచి మనకెక్కడుంది" అన్నారు. బరంపురం వాళ్ళకి బీచి అంటే గోపాల్‌పూర్ ఒక్కటే. లైట్‌హౌస్ చూసి, పల్లీలు తిని వచ్చేస్తాం. రుషికుల్య సముద్రంలో కలిసే చోటు కూడా మన గంజాం జిల్లాలోదే. గంజాం, హుమ్మా స్టేషన్ల మీదుగా ఎన్నేళ్ళు తిరిగామో! ఒక్కసారి దిగి చూసిన పాపాన పోలేదు.

2025 ఫిబ్రవరిలో ఆ ఒడ్డుకి ఆరున్నర లక్షలకు పైగా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చాయి. ఇలా గుంపులుగా రావడం ప్రపంచంలో కొద్ది చోట్లే ఉంది. మెక్సికో, కోస్టారికాల పసిఫిక్ తీరం వాటిలో పెద్దవి. గుడ్లు పొదగడానికి 45 నుంచి 50 రోజులు పడుతుంది. లెక్క వేసుకుని ఏప్రిల్‌లో తొమ్మిది మందిమి, ఆడవాళ్ళతో కలిపి, వ్యాను మాట్లాడుకుని ఛత్రపురం మీదుగా పొడంపేట వెళ్ళాం. పులిహోర, మజ్జిగ, పాటలకి ఒక స్పీకరు. పిక్నిక్ అనుకున్నాం మరి.

పొడంపేట మన తెలుగు జాలర్ల ఊరు. ఒరియా వాళ్ళు నోళియాలంటారు. పాత ఊరిని సముద్రం కోసేసింది. సగం గోడలు, గడప మిగిలిన ఇళ్ళు ఒడ్డునే ఉన్నాయి, మనుషుల్ని లోపలి కాలనీకి మార్చారు. స్పీకరు దించబోతుంటే ఒక కుర్రాడు వచ్చి, "ఇక్కడ పాటలొద్దండీ" అన్నాడు. మళ్ళీ వ్యానులో పెట్టేశాం.

వాళ్ళింట్లో చద్దన్నం, నెత్తళ్ళ వేపుడు పెట్టారు. మా పులిహోర వాళ్ళు తిన్నారు. పడవని వాళ్ళు తెప్ప అంటే మాకు ప్రాణం లేచొచ్చింది. తమిళంలోనూ తెప్పమే. కట్టుమరం అన్న తమిళ మాటే ఇంగ్లీషువాళ్ళ నోట్లో కాటమరాన్ అయింది. ఇంకో తమాషా, తమిళంలో తాబేలుని 'ఆమై' అంటారు. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వచ్చేదీ 'ఆమే' అంటే ఆడవాళ్ళు ఒకటే నవ్వు. ఆ ఇంటి పిల్లాడు ఒరియా బడిలో చదువుతున్నాడు, తెలుగు మాట్లాడతాడు గానీ రాయలేడు. వాడి పేరు తెలుగులో రాసిమ్మని నోటుబుక్కు తెచ్చాడు. మా గతే వాడిదీ.

చీకటి పడ్డాక ఒడ్డుకి నడిచాం. ఏదో కదిలినట్టయితే మాలో ఒకరు ఫోను లైటు వేశారు. అంతే, వెనక నుంచి ఒక ముసలమ్మ కేకేసింది. "ఆ లైటు ఆపేయండి బాబూ, పిల్లలు మీ ఏపు వచ్చేత్తన్నాయి!"

నిజమే. అరచేతిలో పట్టేంత పిల్లలు పదీ ఇరవై మా కాళ్ళ వైపే వస్తున్నాయి. రాత్రి సముద్రం మీద ఉండే వెలుగే వాటికి దారి. ఎక్కడ ఎక్కువ వెలుగుంటే అటే పోతాయి. అడుగు తీస్తే ఏది నలిగిపోతుందో తెలీదు. అరగంట ఎక్కడివాళ్ళం అక్కడే బొమ్మల్లా నిలబడ్డాం. ఆ ఊరి కుర్రాళ్ళు ఎర్ర కాగితం చుట్టిన టార్చీలతో వచ్చి, ఒక్కొక్కదాన్నీ బుట్టలో వేసుకుని నీళ్ళ దగ్గర వదిలారు. తర్వాత ఆ ఎర్ర వెలుగులోనే మమ్మల్ని బయటికి నడిపించారు. జీవితమంతా ఎర్ర లైటు చూస్తే ఆగినవాళ్ళం, ఎర్ర లైటు పట్టుకుని నడవడం అదే మొదలు.

మా ఆవిడ ఆ ఇంటి పెద్దాయన్ని అడిగింది, "ఇంత మంచి ఒడ్డు, మీకు బాగుంటుంది కదా?" అని. నవంబరు 1 నుంచి మే 31 దాకా, తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు మరపడవల వేట నిషేధం. ప్రభుత్వం ఏటా కొంత సాయం ఇస్తుంది, ఏడు నెలలకి అది ఏ మూలకి? ఆయన ఇలా అన్నాడు: "తాబేలంటే కూర్మనాథసామి కదమ్మా, సంపుకుంటామా? సామి కోసం మేం పస్తుంటాం. పిల్లల్ని కూడా ఉండమంటే ఎలాగ?"

మాలో ఎవరికీ జవాబు తోచలేదు. ఒడ్డు శుభ్రంగా ఉందని మెచ్చుకోవడానికి వెళ్ళిన మేము, దాని ఖర్చు ఎవరు కడుతున్నారో ఆలోచించలేదు. ఫొటోలు అడుగుతారని తెలుసు. ఒక్కటి కూడా తియ్యలేదు.

వచ్చే ఏడు వెళ్ళేవాళ్ళు స్పీకరు ఇంట్లో వదిలేయండి. టార్చికి చుట్టడానికి ఎర్ర కాగితం తీసుకెళ్ళండి, ఊరివాళ్ళు చెప్పిన దారినే నడవండి. ఎండు నెత్తళ్ళు బరంపురం బజారులో కాక అక్కడే కొనండి, బేరమాడకండి. ఆ పిల్లాడికి తెలుగు వాచకం ఒకటి పంపాలి. ఎవరి దగ్గరైనా పాతది ఉంటే చెప్పండి.