నిలబడే కాలు

నా కుడి చీలమండలో ఒక ప్లేటు, ఆరు స్క్రూలు ఉన్నాయి. కొరియాలోని సువాన్‌లో చలి మైనస్ పదికి దిగిన రోజుల్లో నిద్రలేవగానే ముందు వాటి ఉనికే నాకు తెలుస్తుంది. రెండేళ్ళ కిందట ఇలాంటి ఒక జనవరి పొద్దునే అవి నా ఒంట్లోకి వచ్చాయి. రాత్రి కురిసిన మంచు కాస్త కరిగి, తెల్లారేసరికి మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద గాజుపలకలా గడ్డకట్టింది. ఆఫీసు బస్సు వెళ్ళిపోతుందన్న తొందరలో నేను కిందికి చూడలేదు. పడ్డానని తెలిసేలోపే చప్పుడు వినబడింది, ఎండిన కొబ్బరిమట్ట విరిచినట్టు.

ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు పాదం నేల మీద మోపకూడదన్నారు. మా ఊరు కైకలూరు. ఫోన్లో అమ్మ మొదటి మాట, "పుత్తూరు కట్టు కట్టించుకుంటే పోయేదానికి ఈ కోతలన్నీ ఎందుకే?" రెండో మాట నల్లేరు. లేత కాడలు ఏరి, నార తీసి, నూనెలో బాగా మగ్గబెట్టి, చింతపండు వేసి పచ్చడి నూరుకోమంది. కొరియాలో నల్లేరు ఎక్కడ దొరుకుతుందమ్మా అంటే, "ఆ దేశంలో ఎవరికీ ఎముకలు విరగవా? వాళ్ళేం తింటారో కనుక్కుని అది తిను" అంది. కనుక్కునే పని లేకుండానే ఎదురింటి హల్మొని, మా నానమ్మ వయసావిడ, గిన్నె పట్టుకుని వచ్చింది. ఎద్దు కాలి ఎముకలు గంటల తరబడి పాలలా తెల్లబడేదాకా మరిగించిన నీళ్ళు, పైన ఉల్లికాడల ముక్కలు. సాగోల్ గుక్ అంటారు. మన ఇళ్ళలో మేకకాళ్ళ పులుసు పెట్టే సందర్భంలో ఇక్కడ ఇది పెడతారు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆవిడ నా మంచం పక్కనుంచి కదల్లేదు.

కాలు విరగడానికి నాలుగు నెలల ముందు నేను తైక్వాండోలో చేరాను. ముందు చేర్చింది మా పాపని. ఇక్కడ చిన్న తరగతులకి బడి మధ్యాహ్నమే వదిలేస్తారు. అమ్మానాన్నా ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళే ఇళ్ళలో చాలామంది పిల్లల్ని బడి నుంచి తైక్వాండో నేర్పే దోజాంగ్‌కీ, దోజాంగ్ నుంచి ఇంటికీ చేర్చేవి పసుపు వ్యాన్లే. పాపని తీసుకురావడానికి వెళ్ళినప్పుడల్లా తలుపు దగ్గర నిలబడి చూసేదాన్ని. అలా చూస్తూ చూస్తూ ఒకరోజు రాత్రి ఎనిమిది గంటల పెద్దల క్లాసుకి నా పేరు కూడా రాయించుకున్నాను. అంతవరకూ నన్ను "ఒమొనిమ్", అంటే అమ్మగారూ, అని పిలిచిన గ్వన్‌జాంగ్‌నిమ్ (దోజాంగ్ పెద్ద గురువుగారు) నేను తెల్ల దోబొక్ (తైక్వాండో దుస్తులు) తొడుక్కున్న రోజు నుంచీ నా పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో నేను ఒకరి తల్లినీ ఒకరి భార్యనీ ఒక కంపెనీ ఉద్యోగినీ కాకుండా వట్టి విద్యార్థిగా ఉండే గది అదొక్కటే. మంచం మీద పడి ఉన్న ఆరు వారాలూ నాకు బాగా గుర్తొచ్చింది ఆ గదే.

జూన్‌లో డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముక అతికిందన్నారు. గెంతకూడదు, ఎవరితోనూ తలపడకూడదు, మిట్ (తన్నులు సాధన చేసే దిండు) తన్నకూడదు. తక్కినవి నెమ్మదిగా చేసుకోవచ్చు. ఈ షరతులు కొరియన్‌లో రాయించుకుని గ్వన్‌జాంగ్‌నిమ్‌కి ఇచ్చాను. ఆయన రెండు చేతులతో అందుకుని, చివరిదాకా చదివి, మడిచి సొరుగులో పెట్టుకున్నారు.

ఎముక అతికినంత మాత్రాన కాలు వచ్చేసినట్టు కాదని నాకు అప్పటికే తెలిసింది. టేపు పెట్టి కొలిస్తే కుడి పిక్క ఎడమదాని కన్నా మూడు సెంటీమీటర్లు సన్నం. మెట్లు దిగుతుంటే చీలమండ వంగేది కాదు. ఇవి కంటికి కనబడేవి. కనబడని నష్టం ఇంకొకటి ఉంది. కీలు చుట్టూ ఉండే లిగమెంట్లలోనూ కండరాల్లోనూ నరాల కొసలుంటాయి. పాదం ఎటు వాలిందో, ఎంత వంగిందో అవి మెదడుకి ఎప్పటికప్పుడు చెబుతుంటాయి. చీకట్లో కూడా తడబడకుండా నడవగలుగుతున్నామంటే వాటి చలవే. దెబ్బ తగిలి వారాల తరబడి కట్టులో ఉన్నాక అవి మొద్దుబారతాయి. ఫిజియోథెరపీలో నన్ను కళ్ళు మూసుకుని ఒక్కో కాలి మీద నిలబడమన్నారు. ఎడమకాలి మీద ముప్పై సెకన్లు దాటింది. కుడికాలి మీద నాలుగు.

దోజాంగ్‌కి తిరిగి వెళ్ళిన మొదటి రోజు గ్వన్‌జాంగ్‌నిమ్ నాతో ఏమీ చేయించలేదు. నీలం మ్యాట్ మీద వట్టికాళ్ళతో ఊరికే నిలబడమన్నారు. ఇక్కడి వానాకాలం, జాంగ్మా, అప్పుడే మొదలైంది. గదంతా ఉక్కపోతగా ఉంది. ఐదు నిమిషాలయ్యాక పక్కకి జరగమన్నారు. మ్యాట్ మీద నా పాదాల చెమట ముద్రలు రెండు. ఎడమది నిండు పాదం, ఐదు వేళ్ళూ విడివిడిగా. కుడిది నెలవంక. మడమ, బయటి అంచు, చిటికెనవేలు, అంతే. బొటనవేలి కింది దిండు నేలకి తగలనేలేదు. ఆ ఐదు నిమిషాలూ రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడ్డానని నేను ఒట్టేసి చెప్పగలిగేదాన్ని.

ఆయన ఆ నెలవంక పక్కన గొంతుక్కూర్చుని, బొటనవేలు పడాల్సిన ఖాళీ చోట చూపుడువేలితో రెండుసార్లు తట్టి, "దిదిమ్‌బల్" అన్నారు.

దిదిమ్‌బల్ అంటే నేలని తొక్కిపట్టి నిలిచే పాదం. తైక్వాండో అనగానే అందరి చూపూ గాలిలోకి లేచిన పాదం మీదే ఉంటుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈ ఆట పతకాల పోటీగా చేరినప్పటి నుంచీ పేపర్లో ఏ ఫొటో చూసినా అంతే, తలకి తగులుతున్న పాదం. నేనూ అదే చూసి చేరాను. కానీ తన్ను బలమంతా నేల మీది పాదం నుంచి పైకి రావాలి. పక్కనుంచి తిప్పి కొట్టే దొల్యొ చాగినే తీసుకోండి. ఆ తన్నులో నిలబడిన పాదం మునివేళ్ళ దిండు మీద గిర్రున తిరిగి, మడమ ఎదుటివాడి వైపు రావాలి. అది తిరిగితేనే తుంటి తెరుచుకుంటుంది, తన్నే కాలికి దారి దొరుకుతుంది. పాదం నేలకి అతుక్కుపోతే ఆ మెలిక అంతా మోకాలు మింగుతుంది. విరగక ముందు నాలుగు నెలలు నేను తన్నడం నేర్చుకున్నాననే అనుకున్నాను. నిలబడటం గురించి ఎవరేం చెప్పినా నా చెవికెక్కలేదు.

ఆ వేసవంతా నాకు ఇచ్చిన పని హక్‌దారి సొగి. హక్ అంటే కొక్కెర జాతి పెద్ద పక్షి, ఇక్కడి ఐదువందల వోన్ల నాణెం మీద రెక్కలు చాచి ఎగురుతుండేది అదే. దారి అంటే కాలు, సొగి అంటే నిలబడటం. ఒక మోకాలు కొద్దిగా వంచి దాని మీద నిలబడి, రెండో పాదాన్ని ఆ మోకాలి పక్కకి చేర్చి ఉంచాలి. నిజానికి అది నల్ల బెల్టు వాళ్ళు చేసే కుంగాంగ్ అనే పూమ్సే (కదలికల వరుస)లోని భంగిమ. తెల్ల బెల్టుకి నేర్పరు. నాకు మాత్రం చేతుల పని తీసేసి, గోడ పక్కన, ఒక వేలు గోడకి ఆనించి చేయించారు. పిల్లలు ఒళ్ళంతా కేకలు చేసుకుని గెంతుతుంటే నేను ఒక మూల రోజూ ఇరవై నిమిషాలు ఒంటికాలి మీద. వణుకు పాదంలో మొదలై పిక్కలోకి, తొడలోకి ఎక్కేది. కాలివేళ్ళు కొక్కేల్లా ముడుచుకుని మ్యాట్‌ని గీరేవి. అలా గీరడం తప్పు. వేళ్ళు పొడుగ్గా పరుచుకోవాలి, బరువు మడమ మీద, బొటనవేలి మొదట్లో, చిటికెనవేలి మొదట్లో, ఈ మూడుచోట్లా పడాలి. "పాల్లీ పాల్లీ" అని ఒకరినొకరు తొందరపెట్టుకునే ఈ దేశంలో, ఆ వేసవి నేను ఎక్కువసార్లు విన్న మాట "చొన్‌చొని". నెమ్మదిగా.

గోడ మీద వేలు తీసేయడానికి నాకు దారి చూపింది కొల్లేరు. చిన్నప్పుడు ఆటపాక వైపు నాన్న సైకిలు మీద వెళ్తుంటే చేపల చెరువుల గట్ల మీద కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉండేవి. ఒక రాత్రి నిద్రపట్టక అదే తలుచుకుంటూ పడుకున్నాను. కొంగ నిలబడ్డ కాలు ఒంటికి ఒక పక్కన ఉండదు. సరిగ్గా పొట్ట కిందికి వచ్చి ఉంటుంది. పక్షి తన బరువుని తీసుకెళ్ళి ఆ కాలి మీద పెట్టుకుంటుంది. నేను చేస్తున్నది దానికి వ్యతిరేకంగా ఉంది. కుడికాలిని నమ్మక, నడుముని ఎడమ పక్కకే వదిలేసి, కాలిని మాత్రం మోయమంటున్నాను. మర్నాడు నడుముని కుడివైపుకి జరిపి, బొడ్డు ఆ పాదానికి సూటిగా తెచ్చాను. భయమేసింది. వేలు గోడ నుంచి తీశాను. తొమ్మిది సెకన్లు.

నిలబడే పాదాన్ని చూసి నేర్చుకోవడానికి సువాన్‌లో ఉంటున్నవాళ్ళకి ఒక భాగ్యం ఉంది. హ్వాసొంగ్ కోట కట్టించిన జొంగ్‌జో రాజే 1790లో ముయెదోబోతోంగ్జి అనే యుద్ధవిద్యల గ్రంథం రాయించాడు. కత్తి, బల్లెం, గుర్రం మీది విద్యలు, వట్టి చేతుల పోరు కలిపి ఇరవైనాలుగు, ఒక్కో భంగిమకీ బొమ్మతో. ఆ విద్యలని రాజు విడిది చేసిన హెంగ్‌గుంగ్ ద్వారం ముందు ఇప్పటికీ ప్రదర్శిస్తారు. చంకకర్రలు వదిలిన కొత్తలో, ఏప్రిల్‌లో, అక్కడ కూర్చుని చూశాను. చుట్టూ ఉన్నవాళ్ళు కత్తి తిరిగినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. నా కళ్ళు ఆ మనుషుల పాదాల మీదే ఉన్నాయి. వెదురు నరికే ముందు ఆ వెనక పాదం నేల మీద ఎలా సర్దుకుంటుందో చూశాను. విరగని కాళ్ళతో అంతకు ముందు రెండుసార్లు వెళ్ళాను అక్కడికి. అది ఎప్పుడూ చూడలేదు.

అమ్మకి మాత్రం ఇదంతా మింగుడుపడలేదు. "విరిగి అతికిన కాలే అది. మళ్ళీ ఆ తన్నులెందుకే? నడుస్తున్నావు, చాలదా?" అనేది. అమ్మ మాటలో భయం నాకు తెలుసు. రెండు విమానాల దూరంలో కూతురు పడితే లేపడానికి తను ఉండదు. నడక చాలదని ఆమెకి నేను సరిగ్గా చెప్పలేకపోయాను. మంచు పడిన మెట్టు చూస్తే ఇంకా నా గుండె ఆగుతోందనీ, ఆ కాలిని మళ్ళీ నమ్మాలంటే దాని మీద నిలబడి చూడటం తప్ప నాకు వేరే దారి తెలియదనీ అనలేకపోయాను. "ఊరికే నిలబడుతున్నానమ్మా, అంతే" అన్నాను. అది అబద్ధం కాదు.

పసుపు బెల్టు పరీక్షకి ఆ నవంబరులో కూర్చున్నాను. తెల్ల బెల్టు వాళ్ళు చేయాల్సింది తెగుక్ ఇల్‌జాంగ్, ఎనిమిది తెగుక్ పూమ్సేల్లో మొదటిది. దాని గుర్తు ఆకాశం. పద్దెనిమిది కదలికలు. మూడు అడ్డగీతల మీద అటూ ఇటూ నడిచి, చివరికి నిలువుగీత మీద తిరిగి వస్తాం. అన్నిటిలో తన్నులు రెండే, రెండూ ముందుకి తన్నే అప్ చాగిలే, మూడో గీత మీద వస్తాయి. మొదటిది కుడికాలితో. విరిగిన కాలితో తన్నడం కష్టమని చూసేవాళ్ళు అనుకుంటారు. అది సులువు, గాలిలో ఉన్న చీలమండకి మోసే బరువు లేదు. తర్వాత వెనక్కి తిరిగి, ముఖాన్ని కాచుకుని, ఎడమకాలితో తన్నాలి. అప్పుడు ఒళ్ళంతా కుడికాలి మీద.

పెద్దలం నలుగురం, పిల్లలు ఇరవైమంది దాకా. గోడ వారగా కూర్చున్నవాళ్ళలో మా పాప కూడా ఉంది. తనది అప్పటికే ఆకుపచ్చ బెల్టు. నాకు వినబడకుండా అంకెలు లెక్కపెడుతోంది, పెదవులు కదులుతున్నాయి. మొదటి తన్ను అయింది. తిరిగాను. నడుముని కుడిపాదం మీదికి తెచ్చుకున్నాను. ఎడమ మోకాలు లేచింది. చీలమండ వణికింది, వణుకుతూనే నిలిచింది. పాదం ముందుకి వెళ్ళి, వెనక్కి మడుచుకుని, అప్పుడు నేను దించితే దిగింది. ఎత్తు నడుము దాటలేదు. గ్వన్‌జాంగ్‌నిమ్ కాగితం మీద ఏదో రాసుకున్నారు. తన్నుతున్నంతసేపూ ఆయన చూపు నేల మీదే ఉంది.

చివరి గుద్దు, గిహాప్ కేక, వందనం. పక్కకి వచ్చి నిలబడ్డాను. హీటరు వేడికి ఒళ్ళంతా చెమట. పాప పరుగెత్తుకొచ్చి నన్ను మోచేత్తో తోసి, "అమ్మా, జరుగు, జరుగు" అంది. మ్యాట్ మీద రెండు తడి పాదాలు. కుడిది ఎడమదాని అంత ముదురుగా పడలేదు. కానీ బొటనవేలి కింద చోటు నిండింది. పాప దోబొక్ పాంట్ పైకి లాక్కుని, దాని పక్కన తన చిన్న పాదం పెట్టి గట్టిగా నొక్కింది. ఎంత ఉందో చూసుకుంటుండగానే నాది అంచుల నుంచి ఆరిపోవడం మొదలైంది.