సీక్రెట్ ఆయిస్టర్ వినండి

జాజ్‌రాక్ మాట రాగానే మహావిష్ణు ఆర్కెస్ట్రా, వెదర్ రిపోర్ట్ అంటారు, అక్కడితో ఆగిపోతారు. డెన్మార్క్‌ బృందం సీక్రెట్ ఆయిస్టర్‌ను తలిచేవాళ్లు అరుదు. ఆ అయిదుగురినీ వినకపోతే 1970ల జాజ్‌రాక్‌లో ఒక గొప్ప ముక్క విననట్టేనని నా గట్టి నమ్మకం.

ఈ బృందం 1972లో కోపెన్‌హాగెన్‌లో పుట్టింది. శాక్సఫోన్ వాయించే కార్స్టెన్ వోగెల్ అంతకుముందు బర్నిన్ రెడ్ ఐవన్‌హో నడిపినవాడు. గిటారిస్టు క్లాస్ బోలింగ్, కీబోర్డు వాయించే కెన్నెత్ క్నుడ్సెన్ కూడా అప్పటికే వేరే బృందాల్లో చేయి తిరిగినవాళ్లు. పైగా ఆ ఊరు జాజ్‌కు పెట్టింది పేరు. డెక్స్టర్ గోర్డన్ లాంటి అమెరికన్ ఉద్దండుడు ఏళ్ల తరబడి అక్కడే ఉండి మోంట్‌మార్ట్ర్ క్లబ్బులో వాయించాడు.

గాయకుడు లేడు. పాడే పనంతా వోగెల్ శాక్సఫోన్‌దే. 1973 నాటి తొలి ఆల్బమ్‌లో ‘డాంపెక్స్‌ప్రెసెన్’ పెట్టి చూడండి. పదే పదే తిరిగొచ్చే ఆ రిఫ్ మొదలయ్యాక కాలు ఊపకుండా కూర్చోవడం కష్టం. నాకు అంతకన్నా ఇష్టం క్నుడ్సెన్ వాయించే ఫెండర్ రోడ్స్ పియానో. మీట నొక్కితే చిన్న సుత్తి సన్నని లోహపు కడ్డీని కొడుతుంది. ఆ కంపనాన్ని పికప్ అందుకుని ఆంప్లిఫయర్‌కు పంపుతుంది. మెల్లగా నొక్కితే గంట మోగినట్టుంటుంది, గట్టిగా కొడితే గొంతు బొంగురుపోతుంది. ఆ రెండింటి మధ్య క్నుడ్సెన్ ఎంత నేర్పుగా తిరుగుతాడో! ‘సీ సన్’ ఆల్బమ్‌లోని ‘బ్లాక్ మిస్ట్’ వింటే తెలుస్తుంది.

1975 నాటి ‘విదుందర్లీ కెల్లింగ్’ ఆల్బమ్ ఒక బ్యాలే కోసం కట్టిన సంగీతం. నృత్య దర్శకుడు ఫ్లెమింగ్ ఫ్లిండ్ట్. జోరు తగ్గించి బాణీకి చోటిచ్చారు. నా లెక్కలో వాళ్ల శిఖరం ఇదే. మరుసటి ఏడాది వచ్చిన నాలుగో ఆల్బమ్‌లో వాయింపు పదునుగానే ఉంది కానీ, మనసుకు అంత పట్టదు. ఆ తర్వాత బృందం ఎక్కువ కాలం నిలవలేదు.

ఇంత సత్తా ఉన్నవాళ్లు వెనకబడిపోవడం నాకు బాధే. గొంతు లేని సంగీతానికి రేడియోలో చోటు తక్కువ, అందులోనూ చిన్న దేశం. వాయింపులో లోటు వల్ల మాత్రం కాదు. ‘బ్లాక్ మిస్ట్’తో మొదలుపెట్టి బ్యాలే ఆల్బమ్‌కు వెళ్లండి. మధ్యలో ఆపకుండా, మొదటి నుంచి చివరిదాకా వినండి.