బదిలీ లేని బల్ల

పిల్లలూ, మన బడిలో స్నేహానికి ఒక గడువు ఉంటుంది. నాన్నగారికో అమ్మగారికో బదిలీ ఉత్తర్వు వస్తుంది, మీ చేతికి టీసీ వస్తుంది. కొత్త ఊళ్లో, కొత్త తరగతిలో ఎవరి పక్కన కూర్చోవాలో మళ్లీ వెతుక్కోవాలి. నాకూ అది అలవాటే. ఇది నా అయిదో బడి. అందుకే ఊరు మారినా విడిపోనక్కర్లేని ఒక ఆట గురించి మీకు చెప్పాలనిపించింది.

దాన్ని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, అందరూ కలిసి కథ నడిపే ఆట. వీటిలో బాగా పేరున్నది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేసిన ఆ ఆట 1974లో అమెరికాలో వెలువడింది. ఇప్పుడు బల్ల కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. 2012లో మొదలైన రోల్20 లాంటి వెబ్‌సైట్లలో పటం, పాచికలు, పాత్రల వివరాలు రాసుకునే పత్రం అన్నీ ఉంటాయి. ఒకరు కోల్‌కతాలో, ఒకరు సికింద్రాబాద్‌లో, ఇంకొకరు జోధ్‌పూర్‌లో ఉన్నా ఒకే బల్ల దగ్గర కూర్చున్నట్టే.

ఆట ఎలా సాగుతుందో తెలియాలంటే బుర్రకథను గుర్తుతెచ్చుకోండి. మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. కథకుడు కథ చెబుతుంటే వంతలు ప్రశ్నలు వేస్తారు, నవ్విస్తారు. ఈ ఆటలో కథకుడి స్థానంలో గేమ్ మాస్టర్ ఉంటారు. తేడా ఏమిటంటే, ఇక్కడ మిగతావాళ్లు చెప్పేదాన్ని బట్టి కథే మారిపోతుంది. "ఎదురుగా తాళం వేసిన తలుపు ఉంది. ఏం చేస్తారు?" అని గేమ్ మాస్టర్ అడుగుతారు. ఒకరు తాళం పగలగొడతానంటారు. ఒకరు కిటికీ వెతుకుతానంటారు. ఇంకొకరు కాపలావాడితో కబుర్లు మొదలుపెడతానంటారు. మూడూ సరైన జవాబులే.

అనుకున్నది జరుగుతుందో లేదో పాచిక తేలుస్తుంది. దానికి 20 ముఖాలు ఉంటాయి. పడిన అంకెకు మీ పాత్ర నేర్పును కలపాలి. ఒక పనికి మొత్తం 15 రావాలి, మీ నేర్పు 3 అనుకోండి. పాచిక మీద 12 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి. అంటే 20 అవకాశాల్లో 9. లెక్కల మేడమ్‌ని అడిగితే 45 శాతం అంటారు.

తెలుగు టీచరుగా నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఆడేవాళ్లు "తలుపు తెరుస్తాను" అంటారు. పాచిక పడ్డాకే అది "తెరిచాను" అవుతుంది, లేదా "తెరవలేకపోయాను" అవుతుంది. క్రియల కాలాలు చెప్పడానికి ఇంత తేలికైన ఉదాహరణ నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఈ ఆట నాకు నేర్పింది మన బడి పిల్లలే. నా దగ్గర తెలుగు చదివిన నలుగురిలో ముగ్గురు బదిలీల మీద వేరే ఊళ్లకు వెళ్లిపోయారు. అయినా శనివారం సాయంత్రాలు కలిసి ఆడుకుంటున్నారు. ఎప్పుడూ హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఆడేవాళ్లు "మేడమ్, మీరొస్తే తెలుగులో ఆడతాం" అని పిలిచారు. నాకు ట్రాము కండక్టరు పాత్ర ఇచ్చారు. మొదటి పావుగంట నేను వింటూ కూర్చున్నాను.

గేమ్ మాస్టర్ తొమ్మిదో తరగతి అబ్బాయి. కథను ఈ ఊళ్లోనే పెట్టాడు. కాలేజీ స్ట్రీట్‌లో ఒక పాత పుస్తకం మాయమైంది. ట్రాములో పారిపోతున్న దొంగను పట్టుకోవాలి. 1873లో గుర్రాలు లాగే బండిగా మొదలైన కోల్‌కతా ట్రాము, ఈ ఊరు వదిలి వెళ్లిన పిల్లల మాటల్లో మళ్లీ గంట కొట్టుకుంటూ కదిలింది.

వాళ్లలో ఒకమ్మాయి తరగతిలో తెలుగు మాట్లాడాలంటే సిగ్గుపడేది. అమ్మమ్మతో ఫోనులో మాట్లాడేదే ఆమెకు వచ్చిన తెలుగు. ఆ రోజు ఆమె పాత్ర ఊరూరా తిరిగి చీరలమ్మే ఒక ముసలమ్మ. "ఏం నాయనా, ఆ పుస్తకం నీకెందుకు? ఇటిచ్చెయ్, పుణ్యముంటుంది" అని దొంగను బతిమాలింది. అచ్చం అమ్మమ్మ గొంతు. పాచిక మీద 17 పడింది, పుస్తకం దొరికింది. తనుగా అనలేని మాటలు ముసలమ్మగా ఎంత హాయిగా అనేసిందో! ఆమె కొత్త బడిలో తెలుగు చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు వాళ్లు నెలకొక శనివారం తెలుగులో ఆడుతున్నారు. ఆమెకు అదే తెలుగు పీరియడ్.

మీరూ మొదలుపెట్టాలంటే నియమాల పుస్తకమంతా చదవనక్కర్లేదు. ప్రాథమిక నియమాలు ఉచితంగానే దొరుకుతాయి. వీలైతే ముందు ఒక ఆట పక్కన కూర్చుని చూడండి. మొదటిసారి యోధుడి పాత్ర తీసుకోండి. మంత్రగాడైతే గుర్తుపెట్టుకోవలసినవి ఎక్కువ. "ఇప్పుడు నేనేం వేయాలి?" అని అడగడానికి మొహమాటపడకండి. ఒక్క సాయంత్రంలో ముగిసే చిన్న కథ ఎంచుకోండి. మీ వంతు అయ్యాక పక్కవాళ్లను మాట్లాడనివ్వండి.

తెలిసినవాళ్లతోనే ఆడండి. అమ్మానాన్నలకు చెప్పకుండా ముక్కూమొహం తెలియనివాళ్ల ఆటలో చేరకండి. ఇంటి చిరునామా, బడి పేరు ఎవరికీ చెప్పకండి. చాలామంది మాట్లాడుకోవడానికి వాడే డిస్కార్డ్‌లో 13 ఏళ్లు నిండనిదే ఖాతా తెరవకూడదు. చిన్నవాళ్లు అమ్మ ఫోనులో గ్రూప్ కాల్ పెట్టుకుని, ఇంట్లో ఉన్న లూడో పాచికతోనే ఆడుకోవచ్చు. 4 గానీ పైన గానీ పడితే పని జరిగినట్టు అనుకుంటే సరిపోతుంది.

ఒక మాట మాత్రం మరవకండి. పాత స్నేహితులు శనివారం దొరుకుతారు కదా అని మిగతా వారమంతా కొత్త తరగతిలో ఒంటరిగా ఉండకండి. ఏడాది మధ్యలో మీ తరగతికీ ఎవరో ఒకరు కొత్తగా వస్తారు. వాళ్లకు మీ భాష రాకపోవచ్చు, మీ ఆట తెలియకపోవచ్చు. మీ బల్ల దగ్గర ఒక చోటిచ్చి, "నువ్వు ఏ పాత్ర తీసుకుంటావు?" అని అడగండి.