పియానో పద్దు

శ్రీకాకుళము ట్రెజరీలో ఇరువదియేడేండ్లపాటు పరుల బిల్లులలో పైసల తేడాలు పట్టుకొని, ఒక్క సంతకము తక్కువైనను కాగితమును వెనుకకు త్రిప్పి పంపిన నేను, నా సొంత సొమ్ము రెండు లక్షలను ఏ సంతకమును, ఏ రసీదును లేని ఒక్క మాటకు అప్పగించితినని తలచుకొన్నప్పుడెల్ల, ఇప్పటికిని, గదిలో ఒంటరిగా నున్నప్పుడు సైతము, చెవులు వేడెక్కును.

ఆ మాట మా తోడల్లునిది. నాకంటె ఆరేండ్లు పెద్ద యగుటచే అన్నయ్యగారని పిలుతును. 2012 మే నెలలో ఒక పెండ్లిలో, తొమ్మిదేండ్ల మా అమ్మాయి బ్యాండువారి కీబోర్డుపై జాతీయగీతమును తనంత తాను మెట్టు మెట్టు వెదకికొని వాయించుచుండగా చూచి, ఆయన విస్తరిముందు నుండి లేవకయే తీర్పు చెప్పెను.

"ఇంకేటి ఆలోచిస్తావు తమ్ముడూ? పియానో కొనీయ్. వాద్యం ఇంట్లో ఉంటే గురువు వెతుక్కుంటూ తనే వస్తాడు. లండన్ ట్రినిటీవాళ్ల గ్రేడులు ఎనిమిది ఉన్నాయి, అవి పాసయితే పిల్లకి ఎక్కడికెళ్లినా విలువే."

విశాఖపట్టణమున ఒక కుటుంబము విదేశమునకు తరలిపోవుచు తమ పాత పియానోను అమ్మజూపుచున్నదని కనుగొన్నవారును ఆయనయే. వారు 1,60,000 చెప్పిరి; ఆయన మధ్యవర్తిత్వమున 1,45,000 లకు దిగిరి. పదునైదు వేలు మిగిల్చితినని ఆయన నాటినుండి నేటివరకు ఎన్ని పర్యాయములు చెప్పెనో లెక్కించలేదు గాని, తక్కిన లెక్క యంతయు నాయొద్ద నున్నది.

ఆ సొమ్మునకై నేను విరిచిన ఫిక్సెడ్ డిపాజిట్ రెండు లక్షలది. అయిదేండ్ల గడువు, నూటికి 9.25 వడ్డీ. ఏడు నెలలు మాత్రమే గడచియుండెను. ఏడు నెలలకు చెల్లు వడ్డీ నూటికి ఏడు, గడువునకు ముందు తీసినందులకు జరిమానా ఒకటి, వెరసి నూటికి ఆరు చొప్పున 7,000 రూపాయలు చేతికి వచ్చెను. ఒప్పుకొన్న రేటున ఆ ఏడు నెలలకే 10,792 రావలసియుండెను. నష్టము 3,792. ఇది చిన్న గాయము. పెద్ద గాయమేమనగా, ఆ డిపాజిట్టును కదపక యుంచినచో, మూడు నెలల కొకసారి వడ్డీ అసలులో కలియుచు, 2016 నవంబరు నాటికి 3,15,940 రూపాయలు అయియుండెడిది. ఈ అంకెను నేను ఒక చీటిపై వ్రాసి బీరువా తలుపు లోపలివైపున అంటించితిని. మా శ్రీమతి రెండు పర్యాయములు చించివేసినది.

పియానో ధర 1,45,000. వ్యాను 6,500. రెండు వందల కిలోలకు మించిన ఆ బరువును విజయనగరము దాసన్నపేటలోని మా యింటి అరుగుపైకి ఎక్కించుటకు ఆరుగురు కూలీలు, మనిషికి 500 వంతున 3,000. వాకిలి చాలక తలుపు రెక్కలు ఊడదీసి తిరిగి బిగించిన వడ్రంగికి 800. తీగెలను శ్రుతి పరచిన మనిషికి రానుపోను ఖర్చులతో 4,500. స్టూలు 1,400, పైకప్పు గుడ్డ 800. వెరసి 1,62,000 రూపాయలు. వీధివారందరును వచ్చి చూచిరి. ఒక ముసలమ్మ హారతి ఇమ్మని చెప్పెను, ఇచ్చితిమి కూడ.

ఇక గురువు వెదకికొనుచు వచ్చుట యొక్కటే మిగిలెను. జూన్ గడచెను, జూలై గడచెను, ఎవరును రాలేదు; నేనే బయలుదేరితిని.

విజయనగరము సంగీతమునకు పెట్టినది పేరు. 1919 లో పూసపాటి విజయరామ గజపతిరాజుగారు ఇచ్చట సంగీత కళాశాలను నెలకొల్పిరి. హరికథాపితామహుడైన ఆదిభట్ల నారాయణదాసుగారు దాని తొలి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు ఆచార్యులు. అట్టి యూరిలో గురువు దొరకకపోవుట యేమని నా ధీమా. కాని ఫిడేలునకు, వీణకు, మృదంగమునకు, గాత్రమునకు వీధివీధినను జాడ చెప్పినవారు పియానో యనగానే నా ముఖమును ఎగాదిగా చూచిరి. గంటస్తంభము దాపున వాద్యములమ్ము అంగడివాడు ఒక కుర్రవాని యడ్రసు ఇచ్చెను. అతడు చర్చిలో కీబోర్డు వాయించువాడు, చేయి మంచిది, మనసు అంతకంటె మంచిది. "కార్డ్స్ నేర్పగలనండి, నొటేషన్ చదవడం నాకే రాదు, డబ్బు పుచ్చుకుంటే పాపం" అని చెప్పి, కాఫీ మాత్రము త్రాగి పోయెను. నా అన్వేషణలో తారసిల్లిన వారిలో నాకు రూపాయి నష్టము కలిగింపని యోగ్యులలో ఇతడు ప్రథముడు. ఆముదాలవలసలో ఒక పాఠశాల సంగీతపు మాస్టారు వచ్చుటకు ఒప్పుకొని రాకపోయెను. పద్యనాటకములకు నలువదియేండ్లు హార్మోనియము వాయించిన ఒక వృద్ధుడు ఊరక చూచిపోవుదమని వచ్చి, కుడిచేతితో ఏదో రాగము చాయ పట్టబోయి, ఎడమచేతితో అలవాటుకొలది తిత్తికై గాలిలో వెదకి, నవ్వి లేచెను.

"బాగుంది గానీ, దీంట్లో ఊపిరి లేదు బాబూ."

ఆ మాటలోని శాస్త్రము నాకు తరువాత బోధపడినది. పియానోలో ఒక మెట్టు నొక్కిన ఒక స్వరము పుట్టును. పుట్టిన పిమ్మట దానిని ఊపుటకు, జార్చుటకు, సాగదీయుటకు వీలు లేదు. గమకము లేనిదే రాగము నిలువని మన సంగీతమున ఆ వాద్యమునకు చోటు దొరకకపోవుటకు అదియే హేతువు. ఫిడేలును దొరలు తెచ్చినదే. కాని వ్రేలు తీగెపై జారగలదు కనుక, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలుస్వామి దీక్షితులు దానిని చేపట్టిన నాటినుండి అది మన యింటి బిడ్డ యైనది. పియానో మా యింట చుట్టముగానే మిగిలినది, అదియును తిండి యెక్కువ గల చుట్టము.

తుదకు విశాఖపట్టణమునుండి ఒక ఉపాధ్యాయుడు ఆదివారము ఆదివారము రైలులో వచ్చుటకు అంగీకరించెను. పాఠము నలువదియైదు నిమిషములు. రుసుము 1,000, దారి ఖర్చు 200. నలువది పాఠములకు 48,000 కావలసియుండగా, మొత్తము ముందుగా ఇచ్చినచో 44,000 లకే చెప్పుదుననెను. నూటికి 8.33 తగ్గింపు లభించినదని ఆ క్షణమున నా ట్రెజరీ బుద్ధి ఉప్పొంగినది. డిపాజిట్టు విరిచి తెచ్చిన 2,07,000 లలో పియానో పోగా మిగిలియున్న 45,000 నుండి 44,000 తీసి యాయన చేతిలో పెట్టితిని; రసీదు అడుగుటకు మొగమాటపడితిని. కార్యాలయమున రసీదు లేని బిల్లు తెచ్చినవానిని గుమ్మములోనే నిలిపిన వాడను నేనేనా యని ఇప్పుడు అనుమానము కలుగుచుండును.

మా యూరి పైడితల్లి సిరిమానోత్సవము గడచిన తరువాతి ఆదివారమున పాఠములు మొదలైనవి. ఆయన బాగుగా చెప్పెను, అది దాచను. పదునేడు పాఠములు చెప్పెను. పదునెనిమిదవ ఆదివారమున రాలేదు. ఫోనుచేయగా చెన్నైలో ఉద్యోగము దొరకినదని, తక్కిన సొమ్ము తప్పక పంపుదునని చెప్పెను. తరువాత ఆ నెంబరు మారిపోయెను.

పదునేడు పాఠములకు 44,000, అనగా పాఠమునకు 2,588. ఇంతటితో ఆగలేదు. మా తీరప్రాంతపు గాలిలోని చెమ్మకు కొయ్యయు ఉన్నియు ఉబ్బి శ్రుతి చెదరుచుండగా, గురువు లేని వాద్యమునకు మరి మూడు పర్యాయములు 4,500 వంతున 13,500 జీతమునుండి పోసితిని. "మూసి ఉంచితే పాడవుతుంది తమ్ముడూ" అని అన్నయ్యగారు ఫోనులో చెప్పుచుండెడివారు. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకుపడిన నాడు మా యింటి కిటికీ రెక్క విరిగి వాన నేరుగా దానిపై కొట్టెను. కరెంటు లేని ఆ చీకటి రాత్రులలో, చెమ్మకు బిగిసిన మెట్లు ఎండుచు టక్కుమని వదలుకొనుచుండగా, ఎవరో అదృశ్యముగా వాయించుచున్నట్లు తోచి మా అమ్మాయి మాయొద్దకు వచ్చి పండుకొనెడిది. 2016 లో ఒక హోటలువారు అలంకారమునకని 52,000 లకు కొనుకొని పోయిరి.

పద్దు ముగించెదను. పియానో 1,62,000, శ్రుతి 13,500, గురుదక్షిణ 44,000, మొత్తము 2,19,500. అమ్మగా వచ్చిన 52,000 తీసివేయగా 1,67,500. డిపాజిట్టు విరిచిన నష్టము 3,792 కలుపగా 1,71,292. దీనిని పదునేడుచేత భాగింపగా, ఒక్క పైసయైనను శేషము లేక, పాఠమునకు 10,076 రూపాయలు. నిమిషమునకు 224. ఇంత నిశ్శేషముగా తెగిన భాగహారమును నేను ఉద్యోగమున సైతము అరుదుగా చూచితిని.

కీబోర్డు అద్దెకు తెచ్చుకొనుట, చిన్న కీబోర్డు కొనుట, తెరపై పాఠములు వినుట వంటి మార్గములు లేకపోలేదు. అవి మా యింట ఎవరికిని తోచలేదు.

తుపాను తరువాతి సంక్రాంతికి, మా శ్రీమతి నాతో చెప్పకయే అమ్మాయిని అయ్యకోనేరు వైపు ఒక సందులో నున్న ఫిడేలు మాస్టారి యింటికి తీసికొనిపోయెను. ఆయన మా సంగీత కళాశాలలోనే చదివినవారు. నేను పశ్చాత్తాప పీడితుడనైనను స్వభావము మారనివాడను గనుక, ఆ సాయంకాలమే మంచి ఫిడేలు ధర విచారించి వచ్చి ఆయన యెదుట నిలిచితిని.

"అప్పుడే కొనీసినారేటి?" అని ఆయన కంగారుపడెను. "కొనకండి. మూడు నెలలు నా పాతది వాయిస్తాది. పిల్ల నిలబడితే అప్పుడు చూసుకుందుం."

నెలకు 500, నెల తిరిగిన పిమ్మట. ఏ నెల మానినను ఆ నెలతో సరి. ఏడాది సొమ్ము ముందిచ్చెదననగా, "అంత డబ్బు నా దగ్గరుంటే నాకు నిద్ర పట్టదు" అని నవ్వి త్రోసివేసిరి. మూడు నెలలు గడచిన తరువాత 4,500 లకు ఫిడేలు కొంటిమి, ఆయనే ఎంచిపెట్టిరి. 2015 నుండి అయిదేండ్లకు రుసుము 30,000, ఫిడేలు 4,500, తీగెలకు రోజనుకు 3,000, వెరసి 37,500. సెలవులు పోగా పాఠములు సుమారు 420. పాఠమునకు 89 రూపాయల 29 పైసలు.

ఈ తారతమ్యమును తలపోయుచున్నప్పుడు నాకు తఱచుగా ఘంటసాల వేంకటేశ్వరరావుగారు జ్ఞప్తికి వచ్చుచుందురు. సంగీతము నేర్వవలెనను పట్టుదలతో బాలుడుగా ఈ విజయనగరమునకు వచ్చునపుడు, నలువది రూపాయల విలువ గల ఉంగరమును ఎనిమిది రూపాయలకు అమ్మివేసెనని చెప్పుదురు. తీరా వచ్చునప్పటికి కళాశాలకు సెలవులు. పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి విద్య చెప్పిరి, పిల్లవాడు వీధులలో మధుకరము ఎత్తుకొని కడుపు నింపుకొనెను. నలువదింటిని ఎనిమిదింటికి అమ్ముట నూటికి ఎనుబది నష్టము. నా పియానోపై నష్టము, 1,62,000 లకు 52,000 వచ్చినది గనుక, నూటికి అరువదియెనిమిది మాత్రమే. శాతము లెక్కన నేనే నయము! కాని ఆయన వస్తువును వదలుకొని గురువుకొరకు వచ్చెను. నేను వస్తువును కొని గురువుకొరకు కూర్చుంటిని. ఈ ముక్క ట్రెజరీ పద్దులలో ఏ శీర్షిక క్రిందికి వచ్చునో నాకు తెలియదు.

ఇదంతయు అన్నయ్యగారికి ఒకనాడు కాగితముమీద వేసి చూపితిని. ఆయన కళ్లజోడు సవరించుకొని ఆసాంతము చదివి, "మరో రెండేళ్లు ఆగితే రెండు లక్షలకి పోయేది, తొందరపడ్డావు" అనిరి.

హోటలువారు వ్యాను ఎక్కించు తొందరలో స్టూలును మరచిపోయిరి, అడుగ రాలేదు. 1,400 రూపాయల వస్తువు ఇంకను మా యింటనే యున్నది గనుక దాని విలువను నష్టమునుండి తీసివేయుట న్యాయమని నేనును, ఏడేండ్లు వాడిన స్టూలునకు కొన్న ధర కట్టుట ఏ పద్ధతియని మా అమ్మాయియు వాదించుకొందుము. తీసివేసినచో పాఠమునకు 9,993 రూపాయల 65 పైసలు, పదివేలకు లోపు. మా శ్రీమతి అటకమీది ఆవకాయ జాడీ దించుటకు దానినే ఎక్కును. అన్నయ్యగారు వచ్చినప్పుడు, సోఫా ఖాళీగా నున్నను, నడుమునకు హాయిగా నుండునని దానిమీదనే కూర్చుందురు.