బ్రేకేస్తే కరెంటు వస్తుందా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కి మెట్రోలో మూడే స్టేషన్లు. నాలుగు రీల్స్ చూసేలోపు దిగే టైమ్ అయిపోతుంది. ఈసారి ఫోన్ జేబులో పెట్టి, చైతన్యపురి వచ్చేముందు కాస్త చెవి పెట్టండి. రైలు నెమ్మదిస్తుంటే ఒక సన్నటి కూత మెల్లగా కిందికి దిగుతుంది. అప్పటిదాకా రైలుని లాగిన మోటార్లే ఇప్పుడు జనరేటర్లయ్యాయి. వాటిలో పుట్టిన కరెంటు పైనున్న 25 వేల వోల్టుల తీగలోకి వెళ్తుంది. పక్కనే ఇంకో రైలు బయల్దేరుతుంటే అది వాడేసుకుంటుంది.

మా పిన్ని కొడుకు నా పక్కనే నిలబడి ఉన్నాడు. బీటెక్ ఫైనలియర్, ఉండేది దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో. ప్రాజెక్టు ఎలక్ట్రిక్ సైకిల్. "వెనక చక్రానికి మోటార్, ముందు చక్రానికి డైనమో అన్నా. ఛార్జింగే అక్కర్లేదు, నడుస్తూనే ఎక్కించుకుంటది" అన్నాడు. కోఠి గుజరాతీ గల్లీలో సామాన్లు కొనడానికి ఇంటి నుంచి మూడు వేలు తెప్పించుకున్నాడు. బాబాయికి ఆ మూడు వేలు చిన్న డబ్బేం కాదు. సోమవారం రివ్యూ.

"డైనమోని తిప్పేదెవర్రా?"

"మోటారే."

"మోటార్‌ని?"

"బ్యాటరీ..." అని ఆగిపోయాడు.

డైనమో ఊరికే తిరగదు, చక్రాన్ని వెనక్కి లాగుతుంది. బ్యాటరీ పది ఇస్తే తిరిగొచ్చేది ఏడో ఆరో. ఎలాగూ బ్రేకేసి పారబోసే శక్తినే పట్టుకోవాలి. దానికి వేరే డైనమో ఎందుకు? ఉన్న మోటారే చాలు. కాకపోతే గేర్లున్న హబ్ మోటార్లలో చాలావాటికి ఫ్రీవీల్ ఉంటుంది, చక్రం తిరిగినా లోపలి మోటార్ తిరగదు. గేర్లు లేనిది కావాలి, కంట్రోలర్‌లో ఆ సౌకర్యమూ ఉండాలి. బ్యాటరీ అప్పటికే ఫుల్‌గా ఉంటే మాత్రం వచ్చిన కరెంటుకి చోటుండదు.

ఎంతొస్తుందో చూద్దాం. జనంతో కలిపి రైలు 120 టన్నులనుకోండి, వేగం గంటకు 60 కిలోమీటర్లు. ఆ పరుగులో ఉన్న శక్తి దాదాపు నాలుగున్నర యూనిట్లు. మూడు యూనిట్ల స్కూటర్ బ్యాటరీ కంటే ఎక్కువ! అదే మనిషితో కలిపి 200 కిలోల స్కూటర్ 36 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, ఉన్నది మూడు వాట్-అవర్లకు కొంచెం తక్కువ. అంటే ఆ బ్యాటరీలో వెయ్యో వంతు. అందులోనూ చేతికొచ్చేది కొంతే. స్కూటర్ కంపెనీలు 'రీజెన్' అని గొప్పగా చెప్పుకుంటాయి గానీ, సిటీలో దాని అసలు లాభం బ్రేకు ప్యాడ్లు తొందరగా అరగకపోవడమేనని నా లెక్క.

ఎల్బీనగర్‌లో మెట్లు దిగుతుంటే మావాడు ఫ్లైఓవర్‌ వైపే చూస్తున్నాడు.

"అన్నా, ఇది ఆరు మీటర్లు ఉంటదా?"

"ఉంటుందనుకో."

ఫోన్ తీసి లెక్కేశాడు. సైకిల్, తను కలిపి వంద కిలోలు. దిగితే ఒకటిన్నర వాట్-అవర్, అదీ మొత్తం దొరికితే. "ఎంతొస్తదో కొలిచి చూపిస్తే అదే ప్రాజెక్టు కదా?" అన్నాడు. డైనమో లిస్టులోంచి పోయింది. వాట్ మీటర్ ఒక్కటే మిగిలింది. రేపు పొద్దున అయిదింటికి, ట్రాఫిక్ లేనప్పుడు వస్తాడట.

సైకిల్ ఫ్లైఓవర్ పైకి ఎక్కించేది మాత్రం నేనేనట.